మొదటి బుగ్గ రాజన్నకు

పోయినవారం నర్సింలును ఖతర్‌లో కంపెనీ యార్డులోని పోర్టా క్యాబిన్‌లో ఒక కాగితం ముందు కూర్చోబెట్టి, చేతికి పెన్ను ఇచ్చి వచ్చాం. కాగితం మీద ఉన్నవి నాలుగే నాలుగు వాక్యాలు. వాటి కింద సంతకం పెడితే, షెడ్డులో జరిగిన పేలుడుకు తానే కారణమని నర్సింలు ఒప్పుకున్నట్టు. మూడు రోజుల్లో అతన్ని విమానం ఎక్కిస్తారు. అంతటితో పోతే అతనికి పెద్ద దిగులు లేదు. కానీ ఆ పేలుడులో కాలినవాడు అతని భార్య గౌరవ్వకు సొంత తమ్ముడు తిరుమల్. "సొంత సరదా పనిలో ప్రమాదం" అని తేలితే ఆసుపత్రిలో ఉన్న ఆ పిల్లవాడికి కంపెనీ వైద్యం చేయించదు, పరిహారం ఇవ్వదు. చేతుల కట్లు విప్పకముందే అతన్నీ ఇంటికి పంపేస్తారు. వెల్డింగ్ నేర్చిన చేతులవి. వాటికి ఇంకా పాతికేళ్లు కూడా నిండలేదు.

నర్సింలు పెన్నుకు మూత పెట్టాడు.

"నేను పెట్ట సార్."

బల్లకు అవతల కూర్చున్న సైట్ మేనేజర్ రామచంద్రరావుది గుడివాడ వైపు. కోపం వచ్చినప్పుడు అందరూ గొంతు పెంచుతారు, ఆయన తగ్గిస్తాడు.

"అసలు చదివావా దాన్ని?"

"చదివిన సార్. ఏడో తరగతి దాంక చదువుకున్న. గందుకే పెడ్తలేను."

ఇలాంటి జవాబులు మనబోటి వాళ్లకు ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాక తడతాయి. నర్సింలుకు అక్కడే తట్టింది. బల్లకు మధ్యలో కూర్చున్న జలాలుద్దీన్ తల ఎత్తి అతన్ని చూశాడు. ప్రమాదం మీద విచారణకు బయటినుంచి వచ్చిన సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఆయన. పుట్టింది బోధన్‌లో. ఖతర్ వచ్చి ఇరవై ఏళ్లయినా తెలుగు మరిచిపోలేదు.

గోడవారగా నిలబడ్డవాడు విద్యాసాగర్, మెషీన్ చూసుకునే ఇంజనీరు. చొక్కా జేబు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, గంట నుంచీ ఆ చెయ్యి తీయలేదు. తలుపు దగ్గర లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని విచారణ రాసుకుంటున్న ఆమె సుసన్న. ఆఫీసులో రిపోర్టులూ ఫైళ్లూ ఆమె పని. విద్యాసాగర్ భార్య కూడా ఆమే. ఇద్దరిదీ నరసాపురం. దోహాలోని అల్ ముంతజాలో ఫ్లాటు.

గొడవంతా ఆ మెషీన్ గురించే. వరల్డ్ కప్‌కు ఇంకా ఏడాదిన్నరే ఉంది. స్టేడియం లేస్తున్న అల్ తుమామాలో ఎటు చూసినా పెద్దమనుషుల కార్లే. వచ్చే అతిథులకు చూపించాలని కంపెనీ ఒక మెషీన్ తెప్పించింది. బట్టలుతికే మెషీన్ అంత ఉంటుంది. నీళ్లు పోసి కరెంటు ఇస్తే నీటిని రెండు గ్యాసులుగా విడగొడుతుంది. ఒక పైపులో హైడ్రోజన్, రెండో పైపులో ఆక్సిజన్. హైడ్రోజన్‌ను డ్రమ్ములో పట్టి పొయ్యికి ఇస్తే టీ కాగుతుంది. "మీ ఇంటి ఇంధనం మీ ఇంట్లోనే" అని బ్యానరు కూడా కట్టారు. కిలో హైడ్రోజన్‌కు ముప్పై ఎనిమిది యూనిట్ల కరెంటు చాలని టెస్ట్ రిపోర్టు చెబుతోంది. ఆ అంకె చూసి విల్లాల వాళ్లు ఐదు వందల మెషీన్లకు ఆర్డర్ ఇస్తామన్నారు.

పది రోజుల కింద తిరుమల్ ఆ పొయ్యి వెలిగించాడు. మంట పైపులోంచి వెనక్కి పరుగెత్తింది. డ్రమ్ము పేలింది.

అదే షెడ్డు మూలలో నర్సింలు బుగ్గల సిలిండర్ ఉంది. శుక్రవారం కార్మికుల క్యాంపులో కబడ్డీ పోటీలప్పుడు గ్యాసు బుగ్గలు, అంటే బెలూన్లు, ఎగరేయడానికి అతను చేసుకున్నది. కంపెనీకి ఆ ఇనుప గొట్టం బాగా కలిసొచ్చింది. మెషీన్ మంచిది, బుగ్గల సిలిండర్ చెడ్డది అని కాగితం తయారైంది.

"నాటు పద్ధతిలో హైడ్రోజన్ తయారుచేశావు," అన్నాడు రామచంద్రరావు. "కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు. ఎంత ప్రమాదమో తెలుసా నీకు?"

"మా బాపు వేములాడ జాతరల ముప్పై ఏండ్లు బుగ్గలమ్మిండు సార్. ప్రమాదం నాకు ఎర్కలేదా? తునకలు ఎక్కువేస్తె సిలిండర్ బాంబయితది. మూత బిగించి పక్కకు జరగకపోతె కండ్లు పోతయి. కిలో తునకలకు రెండు వందల బుగ్గలు వస్తయి. దాంతోని అన్నం వండుకోవాల్నంటె సోడా కొననీకే ఇల్లు అమ్మాలె. బుగ్గలకే అది గిట్టుబాటు. నేనేం దాస్తలేను. కని నా సిలిండర్ పేలలే. అగో, ఆడ్నే ఉన్నది. సొట్ట గూడ పడలే. అండ్ల గ్యాసు పట్టి గూడ పదిహేను దినాలాయె."

"మరి పేలింది ఏంది?" అన్నాడు జలాలుద్దీన్.

"మీ మెషీన్ గ్యాసుల గాలి కలిసింది సార్."

రామచంద్రరావు నవ్వాడు. "ఎవరు చెప్పారు నీకు? ఏ ల్యాబ్‌లో టెస్ట్ చేశావు?"

"నా చేతుల." నర్సింలు కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. "పేలకముందు విజిటర్లు అచ్చిన దినం మెషీన్ గ్యాసుతోని కంపెనీ బుగ్గలు నింపిండ్రు గదా. ఒకటి నాకిచ్చి పట్టుకొమ్మన్నరు. దారం గుంజలే సార్. మొదటి బుగ్గ లెక్క ఉండె."

"మొదటి బుగ్గ అంటే?"

"మా బాపు జాతరల మొదటి బుగ్గ ఎన్నడు అమ్మలే. రాజన్నకు అని ఇడిచిపెట్టేటోడు. పోరగాండ్లు ఏడ్చినా ఇయ్యకపోవు. నేను భక్తి అనుకున్న. పెద్దగైనంక చెప్పిండు. సిలిండర్ల ముందుగాల ఉన్న ఉత్తగాలి గ్యాసుతోని కలిసి మొదటి బుగ్గలకొస్తది. అది మంటకు తాకితె తుపాకి లెక్క పేల్తది. చిన్నపోరని చేతికి ఎట్లిస్తం? అందుకే దేవునికి. ఆ బుగ్గ సోమరిగ పోతది, దారం గుంజదు. నా చేతికి ఆ గుంజుడు ఎర్కనే."

చిన్నప్పుడు బోధన్ దర్గా ఉర్సులో బుగ్గల కోసం ఏడ్చిన పిల్లల్లో జలాలుద్దీన్ కూడా ఒకడు. మొదటి బుగ్గ ఎందుకు ఇవ్వలేదో ఈ రోజు తెలిసింది.

"చూపిస్తవా?"

"చూపిస్త."

"రావు సాబ్, మెషీన్ నడుస్తదా?"

"భేషుగ్గా," అన్నాడు రామచంద్రరావు. "చేసుకోండి. మేం దాచిందేమీ లేదు." ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. గోడవార విద్యాసాగర్ చెయ్యి జేబు మీద ఇంకాస్త బిగుసుకుంది.

ఎండల్లో బయటి పని ఆపే వేళ కావడంతో యార్డు ఖాళీగా ఉంది. షెడ్డు నీడలో, చుట్టూ మంటలార్పే సిలిండర్లు పెట్టించి, ఫోన్లూ లాప్‌టాపూ క్యాబిన్‌లో వదిలించి, అప్పుడు గానీ జలాలుద్దీన్ చెయ్యి ఊపలేదు. నర్సింలు గ్లౌజులు తొడిగాడు, కళ్లద్దాలు పెట్టాడు. కిటికీ ఫ్రేముల తునకలు గుప్పెడు వేశాడు, సోడా వేశాడు, నీళ్లు పోసి మూత బిగించి ఆరడుగులు వెనక్కి వచ్చాడు. సిలిండర్ వేడెక్కుతుంటే తడి గోనె కప్పాడు. రామచంద్రరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

విజిటర్ల రోజున మిగిలిన కంపెనీ బుగ్గలే తెచ్చారు. మొదటిది నింపి, దారం కట్టి, దారం కొసకు చిన్న ఇనుప వాషర్ వేలాడదీశాడు నర్సింలు. బుగ్గ నిలబడింది గానీ వాషర్ నేల వదల్లేదు. వాషర్ విప్పేసి బుగ్గను వదిలిపెట్టాడు. అది తొందరేమీ లేనట్టు షెడ్డు రేకుల అంచు దాటి పోయింది.

"రాజన్నా, నీదే," అన్నాడు మెల్లగా.

రెండో బుగ్గ నింపాడు. అంతే పరిమాణం, అదే వాషర్. వాషర్ చటుక్కున లేచి జలాలుద్దీన్ కళ్లెదుట ఊగింది.

"ఇప్పుడు మీ మెషీన్ది పెట్టుండ్రి."

విద్యాసాగర్ స్విచ్చి వేశాడు. కొత్త డ్రమ్ములోకి గ్యాసు పది నిమిషాలు పట్టారు. మీటరు అంకె, డ్రమ్ము మీద లీటర్ల గీత సుసన్న చేతిలోని నోటు పుస్తకంలో రాసుకుంది. ఎవరూ రాయమనలేదు. డ్రమ్ములోంచి బుగ్గ నింపి, అదే వాషర్ కట్టి, నర్సింలు చెయ్యి వదిలాడు.

వాషర్ లేచింది. నర్సింలు బుగ్గతో ఎంత ఎత్తుకు లేచిందో అంత ఎత్తుకూ లేచింది.

నర్సింలు దారం వేలికి చుట్టి మళ్లీ మళ్లీ లాగి చూశాడు. గట్టిగా గుంజుతోంది. పది రోజులుగా ఆసుపత్రి కారిడార్లో తిరుగుతూ ఈ ఒక్క సంగతినే పట్టుకుని ఉన్నాడు అతను. ఫోన్‌లో గౌరవ్వ, "ఖతర్‌ల నా తమ్మునికి ఏమైతున్నదో చెప్పవేంది?" అని ఏడిస్తే, "నాకు తెలుసు, నేను నిరూపిస్త," అన్నాడు. ఇప్పుడు ఆమెకు ఏం చెప్పాలి?

"చూశారుగా," అన్నాడు రామచంద్రరావు. గొంతు ఇంకా తగ్గింది. కాగితాన్ని తెచ్చి డ్రమ్ము పక్కనున్న బల్ల మీద పరిచాడు. "పెట్టు సంతకం. పెద్దమనుషుల టైము వేస్ట్ చేశావు."

"పెట్ట."

"ఇంకేం మిగిలిందయ్యా నీకు?"

"నా చెయ్యి మిగిలింది సార్. ఆనాడు గుంజలే. ఈనాడు గుంజింది. రెండు నిజమే. నడిమిట్ల ఎవలో ఏదో మార్చిండ్రు. ఏం మార్చిండ్రో నాకు ఎర్కలేదు. ఎర్కలేదని చెయ్యని తప్పు ఒప్పుకోవాల్నా? మీరు నన్ను ఈ పూటనే ఫ్లైట్ ఎక్కియ్యిండ్రి. ఎక్కిచ్చిన గూడ ఈ కాయితం మీద నా పేరు ఉండది."

జలాలుద్దీన్ నుదురు తుడుచుకున్నాడు. మనసులో ఏమున్నా ఆయన కళ్లముందు ఉన్నది ఎగిరిన బుగ్గ. "నర్సింలూ, సాక్ష్యం లేకుండ నేనేం రాయాలె?" అన్నాడు.

"నేను చెప్పొచ్చా సార్?"

సుసన్న గొంతు అది. రాయడానికి పిలిచిన మనిషి మాట్లాడితే ఎవరికైనా వింతగానే ఉంటుంది. రామచంద్రరావు ఆమెవైపు చూడకుండానే, "అమ్మా, మీరు రాసుకోండి," అన్నాడు.

"రాసుకున్నానండి. రాసుకున్నదే చదువుతాను." ఆమె పుస్తకం తెరిచింది. "నేను నరసాపురంలో ఆరేళ్లు కెమిస్ట్రీ చెప్పాను సార్. ఈ టెస్ట్ రిపోర్టు టైప్ చేసింది నేనే. కిలో హైడ్రోజన్‌కి ముప్పై ఎనిమిది యూనిట్లు అని ఉంది. టైప్ చేసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. చుక్క కరెంటు వృథా పోకుండా, దేవుడే దిగొచ్చి నీళ్లని విడగొట్టినా కిలోకి ముప్పై తొమ్మిది కావాలి. ఇంట్లో పెట్టుకునే చిన్న మెషీన్‌కి యాభై అయిదు, అరవై అవుతుంది. ముప్పై ఎనిమిది ఎలా వచ్చింది?"

"మెషీన్ మంచిది కాబట్టి," అన్నాడు రామచంద్రరావు.

"ఎంత మంచిదో ఇప్పుడే చూశాం కదండీ. పది నిమిషాల్లో మీటరు పావు యూనిట్ తిరిగింది. డ్రమ్ములోకి యాభై నాలుగు లీటర్లు వచ్చింది. అంటే కిలోకి యాభై ఏడు యూనిట్లు. నిజాయితీగల అంకె. కానీ రిపోర్టులో అదే పావు యూనిట్‌కి ఎనభై ఒక్క లీటర్లు వచ్చినట్టు ఉంది. మిగిలిన ఇరవై ఏడు లీటర్లు ఎక్కడివి?"

సుసన్న పుస్తకంలో ఆ రెండు అంకెల కింద గీత గీసింది.

"నీళ్లని విడగొడితే హైడ్రోజన్ ఎంత వస్తుందో ఆక్సిజన్ అందులో సగం వస్తుంది. యాభై నాలుగులో సగం ఇరవై ఏడు. అంకె బాగా కనబడాలని టెస్ట్ రోజు రెండు పైపులూ కలిపేసి, రెండు గ్యాసులూ ఒకే డ్రమ్ములో పట్టి, అదంతా హైడ్రోజనే అని రాశారు. ఆ రెండూ కలిసిన డ్రమ్ము పక్కన అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో తొమ్మిదో క్లాసు పిల్లలు చెబుతారు సార్." ఆమె పుస్తకం మూసింది. "ఇందాక బుగ్గ ఎగిరింది. అంటే ఈ రోజు గ్యాసు మంచిదే. ఈ రోజు గ్యాసు మంచిదైతే రిపోర్టు అబద్ధం. కాదూ ఆ ఎనభై ఒక్క లీటర్లూ నిజంగానే వచ్చాయంటారా, అప్పుడు తిరుమల్ వెలిగించింది కలిసిన గ్యాసే. రెండిట్లో ఏది కావాలో రావు గారినే తేల్చుకోమనండి."

నర్సింలుకు లీటర్లూ యూనిట్లూ సగమే అర్థమయ్యాయి. కానీ తన చేతికి తెలిసిన సంగతినే ఈ మేడం అంకెల్లో చెబుతోందని పూర్తిగా అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లద్దాలు ఉండడం మంచిదైంది.

రామచంద్రరావు రుమాలు జేబులో పెట్టుకున్నాడు. ఈసారి గొంతు తగ్గలేదు, పెరిగింది. "రిపోర్టు నేను రాయలేదు. నా దగ్గరికి వచ్చిన అంకెని నేను పైకి పంపాను. అంతే."

"సంతకం ఎవరిది?" అన్నాడు జలాలుద్దీన్.

ఆ ప్రశ్న వస్తుందని సుసన్నకు తెలుసు. మూడు రోజులుగా ఇంట్లో అడిగింది, "ఏవండీ, ఈ అంకె ఎలా వచ్చింది?" అని. "పైవాళ్లు ఇచ్చారు, నేను పెట్టాను," అన్నాడాయన. ఆ మాట నమ్మే ఇక్కడ నోరు విప్పింది. పైవాళ్ల మీద పడుతుంది, తన మనిషికి మహా అయితే ఒక చీవాటు పడుతుంది అనుకుంది.

"మా వారిది," అంది.

విద్యాసాగర్ మెషీన్ వదిలి ముందుకు వచ్చాడు. చొక్కా జేబులోంచి టిష్యూ కాగితంలో చుట్టిందేదో తీసి, సంతకం లేని కాగితం మీద పెట్టాడు. కాగితం విప్పుకుంది. మూడు మూతుల ఇత్తడి పైపు ముక్క. రెండు పైపులు వచ్చి ఒకటిగా కలిసే ముక్క.

"పేలిన రోజు సాయంత్రం నేనే విప్పేశాను," అన్నాడు. "పారేద్దామని పది రోజుల నుంచీ జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. చెయ్యి రాలేదు."

జలాలుద్దీన్ దాన్ని పెన్నుతో తిప్పి చూశాడు. మూతుల మరల మీద ఏదో చుట్టి ఉంది. ఈ దేశంలో ఏ ప్లంబరైనా మరలకు తెల్ల టేపు చుడతాడు. దీనికి నూలు దారం ఉంది, మైనం రాసిన దారం.

నర్సింలు వంగి చూశాడు. చూసి, నిటారుగా నిలబడిపోయాడు.

ఏడు చుట్లు, ఎడమ వైపుకు. కొసను చివరి చుట్టు కిందికి దోపిన తీరు. వాళ్ల బాపు సిలిండర్ మూతికి అలాగే చుట్టేవాడు. ఆ చుట్టుడు నర్సింలుకు వచ్చు. నర్సింలు నేర్పితే, ఈ దేశంలో ఇంకొక్కడికే వచ్చు. ఆ ఇంకొకడు ఇప్పుడు ఆసుపత్రిలో, చేతుల నిండా కట్లతో పడుకుని ఉన్నాడు.

రామచంద్రరావు అతని మొహం చూశాడు. ఇరవై ఏళ్లు మనుషులతో పని చేయించినవాడు, మొహం చదవడం వచ్చు. "సార్, ఆ దారం ఎవరు చుట్టారో వీడికి తెలుసు. అడగండి," అన్నాడు.

"తెలుసా నర్సింలూ?"

తెలియదు అనొచ్చు. నేనే చుట్టిన అని కూడా అనొచ్చు. అలా అంటే బామ్మర్ది పేరు బయటికి రాదు గానీ, ఆ నాలుగు వాక్యాలూ నిజమైపోతాయి. నర్సింలు బల్ల మీది కాగితాన్ని ఇత్తడి ముక్క కిందినుంచి లాగి, నాలుగు మడతలు పెట్టి, రామచంద్రరావు చేతిలో పెట్టాడు.

"ఎర్కనే సార్. పేరు చెప్త. దాస్తనంటలేను. కని చుట్టినోనికి ఆ రెండు పైపులు కలిస్తె ఏమైతదో ఎవలు చెప్పలే. చెప్తె వాడే పోయి దాని ముంగట అగ్గిపెట్టె గీస్తడా? ముందుగాల చుట్టుమన్నోని పేరు చెప్పుమనుండ్రి. అయినంక నేను చెప్త. గప్పటిదాంక నా నోరు తెరుసుకోదు. మీరేం జేసుకుంటరో జేసుకోండ్రి."

జలాలుద్దీన్ రామచంద్రరావును చూశాడు. రామచంద్రరావు విద్యాసాగర్‌ను చూశాడు. విద్యాసాగర్ మాత్రం భార్యను చూశాడు.

"చుట్టమన్నది రావు గారు కాదు సార్. ఆ అంకె ఇచ్చిందీ పైవాళ్లు కాదు. రెండూ నేనే. ఎందుకు చేశానో కూడా చెబుతాను. కానీ మా ఆవిడని బయటికి పంపించండి. తన ముందు చెప్పలేను."

సుసన్న మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని ఇంత చప్పుడు చేస్తూ లాక్కొచ్చి, భర్తకు సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చుంది. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి పెన్ను మూత తీసింది.

"చెప్పండి," అంది. "రాసుకుంటాను."